రాగం తప్పిన పాట

ఆస్పత్రి నుంచి తెచ్చిన రోజున మా ఆయన మంచమ్మీద గోడవైపు తిరిగి పడుకున్నారు. ఇక ఇటు తిరగలేదు.

ఆయన పేరు విజయరత్నం. పోర్టులో క్రేన్ నడిపేవారు. గోపాలపట్నంలో మా చర్చి సంఘానికి ఆయనే గొంతు. ఆయన పాట ఎత్తుకుంటే తప్ప ఆరాధన మొదలైనట్టు ఉండేది కాదు. సొంతంగా పాటలు కూడా కట్టేవారు. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి, మాటా పోయింది. నోరు తెరిస్తే "బ... బ..." అని తప్ప ఏమీ రాదు. ఆ చప్పుడు తనకే వినబుద్ధి కాక నోరు మూసేసుకున్నారు. మాటకే కాదు, తిండికి కూడా.

"మింగలేక కాదమ్మా, మనసు లేక. సోమవారానికి తినడం మొదలెట్టకపోతే మళ్ళీ ముక్కులో గొట్టం వెయ్యాల్సిందే" అన్నాడు డాక్టరు. ఆస్పత్రిలో ఆయన ఆ గొట్టం పీకేసుకుంటున్నారని బాగున్న చెయ్యి కూడా మంచానికి కట్టేశారు. కట్టేసినప్పుడు ఆయన నావైపు చూసిన చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. మళ్ళీ అది జరిగితే ఈసారి ఆయన బతకరు. నాకు తెలుసు.

నా సంగతి కూడా చెప్పాలి. పెళ్ళయిన కొత్తలో కుటుంబ ప్రార్థనలో నేనూ ఉత్సాహంగా గొంతు కలిపాను. ఆయన కంజీర పక్కన పెట్టేసి, "రోజా, నువ్వు ఆమేన్ కాడ కలుపు, సాలు" అన్నారు. అత్తవారింటివాళ్ళంతా పకపకా నవ్వారు. అంత ఘోరంగా ఉంటుంది నా పాట. అప్పట్నుంచీ చర్చిలో పెదాలే కదుపుతాను.

పోయినేడు మా పాస్టరు నతానియేలు గారు వరాల వారమని పెట్టారు. దేవుడు ప్రతివాళ్ళకీ ఏదో ఒక వరం ఇచ్చాడు, లేచి చెప్పండి అన్నారు. ఒకామె ప్రార్థన అంది, ఒకామె అతిథుల్ని ఆదరించడం అంది, ఇంకొకామె ప్రార్థనలో తెలియని భాషలు మాట్లాడడం అంది. నా వంతు వచ్చింది. "నాకేటీ లేదు అయ్యగారూ" అన్నాను. "వెతుక్కోమ్మా, దొరుకుతాది" అన్నారు. పోయిన తాళంచెవి గురించి చెప్పినట్టు చెప్పారు. నాకు ఒళ్ళు మండింది.

శనివారం ఆ అయ్యగారే నలుగురు పెద్దల్ని వెంటబెట్టుకుని వచ్చారు. మా ఆయన నుదుటిమీద నూనె రాశారు. అందరూ కలిసి ఇల్లు అదిరిపోయేలా ప్రార్థన చేశారు. "విజయరత్నం! స్తోత్రం అను! అను!" అని గద్దించారు. ఆయన పాపం చెమటలు కక్కుతూ ప్రయత్నించారు. "బ..." అన్నారు. అంతే. ముసలి పెద్ద ఒకాయన ముఖం తిప్పేసుకున్నాడు.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో నిలబడి, "ఈ ఇంట్లో విశ్వాసం తగ్గిందమ్మా" అన్నారు అయ్యగారు. అని నావైపే చూశారు.

ఆదివారం సాయంత్రం. పక్కింటి దేముడమ్మ గంజి కాచి పట్టుకొచ్చింది. చెంచాతో ఆయన పెదాల దగ్గర పెట్టాను. పళ్ళు బిగబట్టారు. గంజి గడ్డం మీదుగా కారి దిండు తడిసింది.

"తినండి, మీ కాళ్ళు పట్టుకుంతాను. రేపు పట్టుకుపోతారు మిమ్మల్ని" అన్నాను. కళ్ళు మూసుకున్నారు.

దేముడమ్మ కొంగుతో దిండు తుడుస్తూ, "పోనీ మీ పాటేటైనా పాడమ్మా. రోజూ సందేల మీ ఇంట్లో పాట ఇనబడేది. ఇప్పుడు ఇల్లు ఇల్లులాగ లేదు" అంది.

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. ఆయన మీద, అయ్యగారి మీద, దేవుడి మీద. ఊళ్ళో ఇన్ని గొంతులుంటే ఈ ఒక్క గొంతే కావాల్సి వచ్చిందా తండ్రీ నీకు? ఇచ్చినవాడివి ఉంచలేకపోయావా? ఏడుస్తూనే ఆయన కట్టిన పాట ఎత్తుకున్నాను. "రేవు కానని వేళలో నా దీపమై వచ్చావయ్యా..."

ఆ "దీపమై" దగ్గర పాట పైకి లేవాలి. నాది కిందకి జారింది. దేముడమ్మ బెదిరిపోయి చూసింది. నేను ఆపలేదు. మళ్ళీ అందుకున్నాను. మళ్ళీ అక్కడే జారాను.

టక్ మని చప్పుడైంది. ఆయన ఎడంచెయ్యి మంచం పట్టెమీద తాళం వేస్తోంది. చిన్నగా కాదు, విసుగ్గా. తల ఇటు తిరిగింది. నొసలు ముడిపడి ఉన్నాయి. పెళ్ళయిన కొత్తలో కంజీర పక్కన పెట్టినప్పటి ముఖం అది.

మూడోసారీ తప్పాను.

"దీపమై వచ్చావయ్యా!" అన్నారు ఆయన. పాడారు. ప్రతి అక్షరం స్పష్టంగా, పైకి లేవాల్సిన చోట లేచి.

నా చేతిలో చెంచా కిందపడింది. నేను ఆయన ముఖం రెండు చేతులతో పట్టుకున్నాను. "ఏవండీ, మాటాడండి. రోజా అనండి. ఒక్కసారి నన్ను పిలవండి."

"బ..." అన్నారు. ఇంకోసారి ప్రయత్నించారు. "బ... బ..." ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తల మెల్లగా గోడవైపు తిరుగుతోంది. ఇప్పుడు తిరిగితే ఇక రారు. నా ప్రాణం పోయినంత పనైంది.

ఏం చేస్తున్నానో నాకే తెలియదు. అదే రాగం పట్టుకున్నాను. మాటలు మాత్రం నోటికి వచ్చినవి. "ఆకలేస్తంది రోజా, నాకు గంజి పెట్టవే..." అని పాడాను. "గంజి" దగ్గర సరిగ్గా అక్కడే, ఎప్పట్లాగే, కిందకి జారిపోయాను.

తల ఆగింది. పట్టెమీద చెయ్యి టక్కున కొట్టింది.

"ఆకలేస్తంది రోజా," పాడారు ఆయన, చెప్పినా వినని పిల్లకి నేర్పుతున్నట్టు. "నాకు గంజి పెట్టవే."

చెంచా కడగాలని కూడా తోచలేదు. దేముడమ్మే కడిగి తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆయన నోరు తెరిచారు. గంజి చల్లారిపోయి ఉంది. ఒక చెంచా మింగి మళ్ళీ నోరు మూసేసుకున్నారు. నేను మళ్ళీ పాడాను, మళ్ళీ తప్పాను. ఆయన విసుక్కుని సరిచేశారు. ఆ తెరిచిన నోట్లో ఇంకో చెంచా పెట్టాను.

గిన్నె ఖాళీ అయ్యేదాకా తప్పు పాడుతూనే ఉన్నాను.