ఇప్పచెట్టు కింది వాటా

బుల్లమ్మ ఊడుస్తూనే ఉంది. పక్కన పెట్టుకున్న గంపలోకి ఒక్క పువ్వూ చేరలేదు. మాడిన ఆకూ బూడిదా చీపురు ముందు లేచి మళ్లీ ఆమె కాళ్ల మీదే పడుతున్నాయి. నడుం వంగిపోయి చాలా ఏళ్లయింది. ఊడవడానికని కొత్తగా వంగే పని లేదు.

గొల్లపల్లి చివర, వాగు ఒడ్డున ఉన్న ఆ ఇప్పచెట్టు అత్త నుంచి ఆమెకు వచ్చింది. అలాగని ఒక్కతే అనుభవించిందేమీ లేదు. పొద్దు వాలగానే పెద్ద గబ్బిలాలు వచ్చి కొమ్మల చివర పువ్వు తినేవి. మాను తొర్రలో ఉండే చిన్నవి పువ్వు జోలికే పోక వాగు మీద దోమలు పట్టుకునేవి. పెద్ద చెవులవి పొదల మధ్య నేలబారుగా తిరుగుతూ పురుగులు ఏరుకునేవి. ఒకదాని చోటికి ఇంకొకటి వచ్చేది కాదు. తెల్లారి నేల మీద రాలింది బుల్లమ్మది. ఆ పువ్వు ఎండబెట్టి అమ్మిన డబ్బుతోనే మొగుణ్ణి కాటికి సాగనంపింది, కొడుక్కి పెళ్లి చేసింది.

రాలిన పువ్వు కనబడాలని ఏటా చెట్టు కింద ఆకులకు నిప్పు పెడతారు. పెట్టే ముందు మాను చుట్టూ ఆకు గీకేయాలి. ఈసారి మోకాళ్లు నొప్పని బుల్లమ్మ గీకకుండానే నిప్పు పెట్టింది. మంట తొర్రలోకి దూరి కొమ్మల దాకా సెగ కొట్టింది. పట్టపగలు బయటపడ్డ చిన్న గబ్బిలాలను కాకులు ఎత్తుకుపోయాయి. వాగు నుంచి నీళ్లు మోస్తూ ఆమె గట్టిగా ఏడ్చింది.

కోడలు సుశీల బట్టల మూటతో వచ్చింది. కొడుకు ముందే మిరప చేలకు కూలికి వెళ్లాడు.

"అత్తా, బండొచ్చే యాళ్లయింది. ఏంది ఇంకా ఊడ్సుడు?"

"పొద్దు గుంకనియ్యే. పెద్ద గబ్బిలాలొచ్చి వాలితే పైన మొగ్గ బతికినట్టే. నేనీడనే ఉంట."

"వాలకపోతే?"

"నీతోని వస్త."

సుశీల మూట మీద కూర్చుంది. ఆమెకూ పోవాలని లేదు. నిరుడు కాయ ఏరినప్పటి చేతుల మంట ఇంకా గుర్తుంది.

పొద్దు గుంకింది. వాగు మీద దోమలు ముసిరాయి. వాటిని పట్టేవి లేవు. అడవి వైపు నుంచి పెద్ద గబ్బిలాలు వచ్చాయి. బుల్లమ్మ చీపురు వదిలి తలెత్తింది. ఒకటి కిందికి దిగి కొమ్మ చుట్టూ తిరిగింది. అది వాలలేదు. మిగతా వాటితో కలిసి వాగు దాటి అవతలి చెట్ల మీదికి పోయింది.

"తప్పు నాదేనే," అంది బుల్లమ్మ. సుశీల ఆమె చెయ్యి పట్టుకుంది.

రోడ్డు మీద బండి హారన్ కొట్టింది. అప్పటికే నిండిన బండిలో జనం కాస్త ఒత్తుకుని ఇద్దరికీ చోటిచ్చారు.

చెట్టు కింద, శుభ్రంగా ఊడ్చిన నేల మధ్యలో, గంప ఖాళీగా ఉండిపోయింది.