కుక్కల వాటా

థర్‌స్టన్ దుప్పి తోలును గడ్డి మీద పరిచి, ముడతలు మోకాలితో నొక్కి సరిచేశాడు. వంగిన నడుము, వేళ్ళు తెగిన ఎడమచెయ్యి, ఎన్నిసార్లు కడిగినా నెత్తురు వాసన వదలని గడ్డం. మీసాలు రాని వయసు నుంచీ దొరగారి వేటకుక్కలకు వాటా పెట్టడమే అతని పని. దుప్పి పేగులు తరిగి, రొట్టె తుంచి, నెత్తుటిలో పిసికి ఆ తోలు మీదే పెట్టాలి. ఆ వాటానే క్వారీ అంటారు. పేగులకున్న పాత పేరూ, తోలుకు ఫ్రెంచి దొరలు వాడిన పేరూ కలిసి, జనం నోట్లో నలిగి ఆ మాటైంది. ఇప్పుడేమో కుర్రవేటగాళ్ళు పరుగెత్తే దుప్పినే క్వారీ అంటున్నారు. ప్రాణమున్నదాన్ని పట్టుకుని ఆ పేరేమిటని థర్‌స్టన్‌కు ఒళ్ళు మండేది.

ఈమధ్య రెండు కుక్కలు నురగ కక్కి చచ్చాయి. మరొకటి చస్తే కుక్కల కొట్టం విడిచి పొమ్మన్నాడు దొర. కూడు పెట్టేది థర్‌స్టనే కాబట్టి అందరి చూపూ అతని మీదే. అతని అనుమానం మాత్రం పెద్దవేటగాడు వైయట్ మీద. ఈ కొలువు తన బామ్మర్దికి ఇప్పించమని వైయట్ దొర చెవిలో జోరీగలా రొద పెడుతున్నాడని దొర ఇంటి వంటామె చెప్పింది. అందుకే పొద్దుటి నుంచీ థర్‌స్టన్ కుక్కల తొట్టిలో నీళ్ళు తాగి చూశాడు, అవి పడుకునే గడ్డి వాసన చూశాడు. కన్నతల్లి వచ్చి పలకరించినా నమ్మేట్టు లేడు.

రొట్టెబుట్ట ఈవేళ వైయటే స్వయంగా మోసుకొచ్చాడు. ఎన్నడూ లేని ప్రేమ ఇవాళెందుకు పుట్టుకొచ్చిందో! దాన్ని పిసుకుతుంటే థర్‌స్టన్ ముక్కుకు ఏదో ఘాటు తగిలింది.

“ఈ రొట్టె ఎక్కడిదన్నా?”

“ఎక్కడిదైతే నీకేం? కర్ర ఎత్తు. కుక్కలు ఆగలేకపోతున్నాయి.”

“ముందు నువ్వో ముద్ద తినన్నా, చూస్తాను.”

“కుక్కలకూడు నేను తింటానా? అంత అనుమానముంటే నువ్వే తిని చావు.”

దొర గుర్రం మీంచి చూస్తున్నాడు. పెట్టనంటే తప్పు తనదే అవుతుంది; పెడితే కుక్కలు పోతాయి. థర్‌స్టన్ పిడికెడు తీసి, దొరకు కనబడేలా నమిలి మింగాడు. వైయట్ మొహంలో నెత్తుటి చుక్క లేదు.

థర్‌స్టన్ కర్ర ఎత్తితేనే కుక్కలు కూట్లో మూతి పెడతాయి. కళ్ళు తెరిచిన కూనలప్పటి నుంచీ నేర్పిన అలవాటది. ఆ రోజు కర్ర లేవలేదు. కాసేపటికి అతను కడుపు పట్టుకుని తోలు పక్కన కూలబడ్డాడు. ముసలి కుక్క ఒకటి వచ్చి ఒళ్ళో తల పెట్టింది. దాని చెవి నిమురుతూనే పక్కకు ఒరిగాడు, ఇక లేవలేదు.

వైయట్ చేతులు కట్టించి తీసుకుపోయాడు దొర. పాపం, వంటామె ఏడుస్తూ వేరే రొట్టె తెచ్చి కుక్కల ముందు పెట్టి కర్ర ఎత్తింది. ఆకలితో చొంగ కారుస్తున్నా ఒక్కటీ ముట్టలేదు. తోలు మీద నెత్తుటి కూడు అలాగే ఉంది, ఒకపక్క అతను పిడికెడు తీసిన గుంటతో.