ఎంగిలి పోగు

మేముండే మహదేవపుర రోడ్ల మీద పడవలు తిరిగిన వరద ఏడాది అది. నీళ్లు తీసేశాక ఒక ఆదివారం నా కొడుకు శశిధర్ మమ్మల్నందరినీ సైన్సు కేంద్రానికి తీసుకుపోయాడు. అక్కడ అన్నీ చేత్తో ముట్టుకోవచ్చని గోడ మీద రాసుందట; మనవరాలు అక్షర చదివి చెప్పింది.

ఒక మూల మగ్గం ఉంది. పడుగులో, నిలువు దారాల్లో, ఒక పోగు తెగి వేలాడుతోంది. మా ఊరు ఆనేకల్‌లో నలభై ఏళ్లు నేసిన చెయ్యి ఊరుకోలేదు. నాలుకతో వేళ్లు తడిచేసుకుని, పోగు మెలిపెట్టి అతికించాను.

"ఛీ, ఎంగిలి! దూరం జరగండి తాతా!" అని అక్కడి గైడమ్మాయి అరిచింది.

"సారీ మేడమ్. మా నాయన చదువుకోలేదు, ఏమీ తెలీదు," అన్నాడు శశిధర్.

ఆ ఎంగిలి పోగులతోనే వాణ్ణి ఇంజనీరు చదివించాను.

"తాతా, నీకు నెయ్యడం రాదా?" అని అక్షర అడిగింది. నాకు ఒళ్లు మండిపోయింది.

మరునాడు పొద్దున్నే, కోడలికి మాత్రం చెప్పి, అక్షరను బస్సులో ఆనేకల్ తీసుకుపోయాను. పాత స్నేహితుడు పాపయ్య మగ్గం మీద ఒక పోగు పుటుక్కున తెంపాను.

"బాగుండే పోగు తెంపితివి, తలకాయ ఉండాదా అప్పా నీకు?" అన్నాడు పాపయ్య.

"వేళ్లు తడి చేసుకో," అన్నాను అక్షరతో. మూడోసారికి అతికింది. అప్పుడు, శశిధర్ నుంచి అందాకా మోగుతున్న ఫోను ఎత్తాను.

"నీ కూతురు నేర్చుకునిందప్పా. ఏమీ తెలీనోడివి నువ్వే," అని పెట్టేశాను.