ఒకటో తరగతిలో ఏడుపు

పాఠం చెప్పడం అలవాటు చేసుకోమని కృపావతిని బందరు ట్రైనింగ్ స్కూలు వాళ్లు పక్కనే ఉన్న గిలకలదిండి బడికి పంపించారు. పిల్లల ముందు నిలబడటం ఆమెకదే మొదటిసారి. భర్త విషజ్వరంతో పోయాక, ఐదేళ్ల కూతురు సుగుణని దివిసీమలో నాగాయలంక దగ్గర పల్లెలో తల్లి ప్రేమమ్మకి అప్పజెప్పి చదువుకి వచ్చింది. హాస్టల్లో పిల్లల్ని ఉండనివ్వరు.

మొదట్లో ఇంటికెళ్లినప్పుడల్లా సుగుణ ఆమె కొంగు వదిలేది కాదు. బస్సు దగ్గర మట్టిలో పడి దొర్లి ఏడ్చేది. మొన్న క్రిస్మసుకి వెళ్తే అమ్మమ్మ వెనక దాక్కుంది. బస్సు కదిలేటప్పుడు చెరకుముక్క నములుతూ, నవ్వుతూ చెయ్యూపింది. ఆ నవ్వు తలుచుకుంటే కృపావతికి అన్నం సయించడం లేదు.

తాటాకుల పాకలో ఒకటో తరగతి. క్లాసు టీచరు రాజారత్నంగారు, జుట్టు నెరిసిన పెద్దావిడ, వెనక స్టూలు మీద కూర్చుని, "కానియ్యమ్మా" అన్నారు.

కృపావతి బోర్డు మీద పడవ బొమ్మ వేసి, "ఇదేంటర్రా?" అంది.

"నావ!" అన్నారందరూ ఒక్క గొంతుతో.

ఆమె నేర్పాల్సింది 'ప'. రాత్రంతా తయారుచేసుకున్న పాఠం అక్కడే ఆగిపోయింది. నవ్వొచ్చి, 'న' రాసింది.

అంతలో చేపలగంపతో ఒకామె కూతుర్ని రెక్క పట్టుకుని లాక్కొచ్చి, "పట్టుకోండి టీచరుగారూ, నాంచారమ్మ దీని పేరు. బేరానికి ఆలీసమైపోతంది" అని వదిలేసి గబగబా వెళ్లిపోయింది.

"మాయమ్మ కాడికెళ్తా!" నాంచారమ్మ గుమ్మం పట్టుకుని పాక అదిరేలా ఏడ్చింది.

పిల్ల ఏడిస్తే బొమ్మలు చూపించాలని, పాట పాడాలని ట్రైనింగులో చెప్పారు. కృపావతి అవేమీ చెయ్యలేదు. పిల్లని ఎత్తుకుని చంకనేసుకుంది. ఊరుకోమని కూడా అనలేదు. వెచ్చటి కన్నీళ్లు మెడమీద కారుతుంటే, తల్లి కోసం ఒక పిల్ల ఇంతలా ఏడవటం వింటూ అలాగే నిలబడిపోయింది. ఆ గంపామె ఎంత అదృష్టవంతురాలో అనిపించింది. ఆ వెంటనే అలా అనుకున్నందుకు సిగ్గేసింది.

కాసేపటికి పిల్ల వెక్కుతూ ఆమె ముఖంలోకి చూసి, "నువ్వెందుకు ఏడుత్తన్నావ్?" అంది.

"మా అమ్మాయి గుర్తొచ్చింది."

"ఏదీ?"

"దివిసీమలో ఉంది, వాళ్ల అమ్మమ్మ దగ్గర."

"నీకోసం ఏడవదా?"

కృపావతి కింద కూర్చుంది. పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుని, దాని వేలు పట్టి పలక మీద 'న' దిద్దించింది.

మధ్యాహ్నం బడి వదిలాక రాజారత్నంగారు ఆమెని ఆపి, అన్నీ అడిగి తెలుసుకున్నారు.

"మా ఇల్లు బడి వెనకే. నేనూ మా ఆయనే ఉంటాం. మీ అమ్మాయిని తెచ్చి నా దగ్గరుంచు. ఇక్కడే ఒకటో తరగతిలో కూర్చుంటుంది. సాయంత్రాలు నువ్వొచ్చి చూసుకో."

"నా దగ్గరికి రాదేమోనండీ. అమ్మమ్మ కోసం ఏడుస్తుంది."

"ఏడవనీ. ఇవాళ ఎవరి పిల్లనో ఎత్తుకోలా?"

శనివారం కృపావతి దివిసీమకి వెళ్లింది. ప్రేమమ్మ బట్టలు మూటగట్టి ఇచ్చి, మనవరాలి ముఖం చూడలేక పెరట్లోకి వెళ్లిపోయింది. బస్సులో సుగుణ తల్లిని గుద్దింది, రక్కింది, "అమ్మమ్మా" అని గొంతు పోయేలా ఏడ్చింది. బస్సులోవాళ్లు తలో మాటా అన్నారు. మొవ్వ దాటాక అలిసిపోయి తల్లి చేతిమీద తల వాల్చి నిద్రపోయింది.

కృపావతి చెయ్యి తిమ్మిరెక్కింది. బందరు వచ్చేదాకా ఆమె ఆ చెయ్యి కదపలేదు.