లీటరుకి ఇరవై ఎనిమిది

పెట్రోలు గన్ టక్కుమని ఆగిపోయింది.

క్రాంతి కుమార్ ఉలిక్కిపడి మీటరు వైపు చూశాడు. ఆరు లీటర్లు కూడా పోలేదు.

"అప్పుడే నిండిందేంటండి?"

"నిండిపోయిందండి. కావాలంటే వంగి చూసుకోండి, మూతి దాకా ఉంది" అంది బంకులో పనిచేసే ఆమె.

"ఇంకోసారి నొక్కండి."

ఆమె నొక్కింది. మళ్లీ టక్కుమంది. రెండు చుక్కలు కింద పడ్డాయి. "బండికి స్నానం చేయించమంటారా ఏంటి?" అని గన్ తీసి తగిలించేసింది.

క్రాంతి ఫోన్లో లెక్క వేశాడు. నూట అరవై కిలోమీటర్లు తిరిగిన బండి. భాగిస్తే లీటరుకి ఇరవై ఎనిమిది వచ్చింది. మళ్లీ వేశాడు. అంతే వచ్చింది.

ఏసీ వేసుకుని, కొల్లేరు గట్ల మీద గుంతలన్నీ దిగి ఎక్కిన పెట్రోలు సెడాన్ ఇరవై ఎనిమిది ఇవ్వదు. కంపెనీ వాళ్లు కూడా అంత అబద్ధం చెప్పరు.

కార్లను నడిపి చూసి మంచీ చెడూ చెప్పడం క్రాంతి పని. 'గోదావరి గేర్' అని యూట్యూబ్ చానల్ నడుపుతున్నాడు. ఈ వారం మూడు సెడాన్లు పోటీకి పెట్టాడు. మూడూ మధ్యతరగతి వాళ్లకు అందే ధరలోవే. కైరో, సెలెనా, ఆర్కస్. రోజుకొకటి. దారి ఒకటే: ఏలూరులో ట్యాంకు నింపి, హైవే మీద దెందులూరు దాటి తాడేపల్లిగూడెం, అక్కణ్నుంచి ఆకివీడు మీదుగా కొల్లేటికోట, మధ్యాహ్నం అక్కడ ఆగి, సాయంత్రానికి తిరిగి ఏలూరు. అదే బంకులో మళ్లీ నింపడం. ఎంత పడితే అంత తాగినట్టు.

మొదటి రోజు కైరో పద్దెనిమిది ఇచ్చింది. మామూలే. రెండో రోజు సెలెనా పదమూడు కూడా ఇవ్వలేదు. అదేంటో అనుకున్నాడు. ఇవాళ ఆర్కస్ ఇరవై ఎనిమిది.

ఒకే దారి, ఒకే డ్రైవరు, ఒకే ఎండ. మరి ఈ తేడా ఎక్కడిది?

ఫోన్ మోగింది. నవాజ్.

నవాజ్, క్రాంతి ఇంటర్‌లో ఒకే బెంచీ. ఇప్పుడు నవాజ్ ట్యాక్సీ నడుపుతాడు. ఏలూరు నుంచి విజయవాడ ఆసుపత్రులకు రోగుల్ని తీసుకెళ్లి తీసుకురావడమే అతని బేరం. పాత డీజిలు బండి ఆయువు తీరింది. రేపు పది గంటలకు కొత్త బండికి అడ్వాన్సు కట్టాలి. కడితే తిరిగి రాదు. ఏ బండికి కట్టాలో క్రాంతి చెప్పాలి. కొన్న బండిని ఐదారేళ్లు నవాజే తోలాలి. తప్పు చెబితే ఆ ఐదారేళ్లూ పోయినట్టే.

"ఏరా, ఎంతొచ్చింది?"

"ఇరవై ఎనిమిది."

"మోపెడ్ గురించి అడగలేదురా, కారు గురించి అడిగాను."

"కారే."

"అయితే ఇంకేం ఆలోచన. ఆర్కసే. ఇంట్లో ఫర్హానాకి చెప్పేస్తున్నా."

"చెప్పకు. ఇందులో ఏదో మోసం ఉంది."

"నాకు మేలు జరిగితే మోసం అంటావేంట్రా నువ్వు" అని నవాజ్ ఫోన్ పెట్టేశాడు.

క్రాంతి ఆర్కస్‌ను షోరూములో అప్పజెప్పి, తన డ్యాష్‌క్యామ్ ఊడదీసుకుని ఇంటికి వచ్చాడు. ఆ చిన్న కెమెరా అతని సొంతం. ఏ బండి నడిపితే ఆ బండి అద్దానికి అంటిస్తాడు. ఇంజను స్టార్టయితే అదీ స్టార్టవుతుంది, ఇంజను ఆగితే అదీ ఆగుతుంది. ఎదుట కనిపించింది, లోపల వినిపించింది రెండూ రికార్డవుతాయి.

ముందు సెలెనా ఫైళ్లు తెరిచాడు. హైవే, తాడేపల్లిగూడెం ఫ్లైఓవరు, ఆకివీడు, చేపల చెరువులు, కొల్లేటికోటలో అత్తగారింటి వాకిలి. అక్కడ ఆపి తాళంచెవి తీశాడు. మామూలుగానే మధ్యాహ్నం భోజనం చేసి, తాళంచెవి గుమ్మం పక్క మేకుకు తగిలించి, పడవ మీద కొంగల్ని షూట్ చేయడానికి వెళ్లాడు. కాబట్టి రికార్డింగు అక్కడ ఆగాలి.

ఆగలేదు. ఇంకో ఫైలు ఉంది.

ఆ ఫైలు తెరిచాడు. తెర మీద అత్తగారింటి ప్రహరీ గోడ. అంతే. బండి కదల్లేదు. ఇంజను మాత్రం నడుస్తోంది. ఏసీ హోరు వినిపిస్తోంది. గోడ మీద ఒక కాకి వాలింది, లేచిపోయింది. ముందుకు జరిపాడు. గోడ. ఇంకా ముందుకు జరిపాడు. అదే గోడ, నీడ మాత్రం కాస్త జరిగింది. ఫైలు దాదాపు మూడు గంటలుంది.

తను లేనప్పుడు ఎవరో బండి ఎక్కారు. మూడు గంటలు ఇంజను ఆన్ చేసి పెట్టారు. కదలని బండి తాగితే మైలేజీ ఏమవుతుంది? సెలెనా పరువు తీయడానికి ఎవరో పనిగట్టుకుని చేశారు.

చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని శబ్దం పెంచాడు. హోరు వెనక ఇంకేదో ఉంది. సన్నగా, లయగా, రంపం కోసినట్టు. అదేమిటో అర్థం కాలేదు. ఇంజనులో లోపమా?

ఆర్కస్ ఫైళ్లు తెరిచాడు. ఇక్కడా వాకిట్లో ఆగాక ఇంకో ఫైలు ఉంది. ఇది చిన్నది, అరగంట. అదే గోడ. చివర్లో తలుపు తీసిన చప్పుడు. తర్వాత ఒక ఆడగొంతు, గుసగుసగా:

"ఇంక ఆపండి. సీసాలు తెచ్చాను. అల్లుడుగారు వచ్చేలోపు కానిచ్చేద్దాం."

ఇంజను ఆగింది. రికార్డింగు కూడా.

క్రాంతి ఇయర్‌ఫోను తీసేశాడు. ఆ గొంతు అతనికి తెలుసు. అత్తగారు లిడియమ్మది.

అత్తగారు. సీసాలు. అల్లుడు వచ్చేలోపు. ఎవరితో అంటోంది?

ఆర్కస్ షోరూము సేల్స్‌మన్ నిరంజన్‌కి ఫోన్ చేశాడు.

"మధ్యాహ్నం మీరు ఎక్కడున్నారండి?"

"చింతలపూడిలో సార్, డెలివరీ ఉంటేనూ. ఏమైందండి?"

"కొల్లేటికోట వెళ్లలేదా?"

"లేదండి."

"మా అత్తగారు మీకు తెలుసా?"

"తెలియదు సార్. ఆవిడ కూడా కారు చూస్తున్నారా?"

క్రాంతి ఫోన్ పెట్టేశాడు. ఈ గొంతులో తొట్రుపాటు లేదు. అయితే ఇంకెవరు? బడిలో బైబిలు వాక్యాలు నేర్పే అత్తగారికి, మూడు కార్ల కంపెనీల గొడవకి లంకె ఏంటి? భార్య జాయ్సీని అడుగుదామంటే, "మా అమ్మ మీద నీకు అనుమానమా" అని మొదలవుతుంది. అడగలేదు.

పొద్దున్నే నవాజ్ పాత బండి వేసుకుని వచ్చాడు. "పదింటికల్లా షోరూములో ఉండాలి. ఈ దర్యాప్తు ఏదో తొందరగా ముగించు" అన్నాడు.

బండి దగ్గుకుంటూ కొల్లేటి దారి పట్టింది. రెండు పక్కలా చెరువులు, వాటి మధ్య నీళ్లలో గాలి కలుపుతూ తిరిగే ఏరియేటర్ల నురగ. నవాజ్ మూడో గేరు వేయడానికి రెండు చేతులూ వాడుతున్నాడు.

"మీ అత్తగారిని ఏమని అడుగుతావు?"

"సూటిగా అడుగుతాను."

"నువ్వు అడగలేవు. పెళ్లిలో కూర చప్పగా ఉందని కూడా చెప్పలేకపోయావు."

అతను చెప్పింది నిజమే. లిడియమ్మ చేతిలో టిఫిను పళ్లెంతో ఎదురొచ్చి, "రండి బాబూ, జాయ్సీ రాలేదా?" అనగానే క్రాంతి "లేదండి" అని చెప్పులు విప్పాడు. వరండాలో మామగారు ఎలీయాజరు మాస్టారు పేపరు మడిచి లేచి నిలబడ్డారు. నవాజ్‌కి కుర్చీ వేశారు. ఇడ్లీలు వచ్చాయి. రొయ్యల పచ్చడి వచ్చింది. టైము పోతోంది.

చివరికి క్రాంతి మాట్లాడకుండా ఫోన్లో ఆ రికార్డింగు పెట్టాడు. "సీసాలు తెచ్చాను" అన్న మాట వరండాలో వినిపించింది.

లిడియమ్మ పళ్లెం కింద పెట్టేసింది. ఎలీయాజరు మాస్టారు మళ్లీ పేపరు విప్పి దాని వెనక్కి వెళ్లారు.

"పేపరు తియ్యండి. మీ వల్లే ఇదంతా" అంది లిడియమ్మ భర్తతో. తర్వాత అల్లుడి వైపు తిరిగి, "తప్పైపోయింది బాబూ. ఈ మధ్య లైన్ల పని అని మధ్యాహ్నం కరెంటు తీసేస్తున్నారండి. మొన్న మీరు పడవెక్కగానే పోయింది. ఈయన ఉక్కకు తట్టుకోలేక, మీరు మేకుకి తగిలించిన తాళంచెవి తీసుకుని కార్లో ఏసీ వేసుకుని కూర్చున్నారు. వెనక సీట్లో పడుకుని నిద్రపోయారు. లేపితే లేవరే."

"ఆ రంపం చప్పుడు?" అన్నాడు క్రాంతి.

"అది ఆయన గురకండి."

ఇడ్లీ గొంతుకు అడ్డం పడి నవాజ్ దగ్గాడు.

"అల్లుడుగారి బండిలో పెట్రోలు అయిపోతే ఏం బావుంటుందండి? పక్కింటివాళ్ల గిన్నె అయినా నేను ఖాళీగా తిరిగి ఇవ్వను. అప్పారావు కొట్లో రెండు పెద్ద సీసాల పెట్రోలు కొనుక్కొచ్చాను. తీరా చూస్తే ఆ బండికి మూత ఎక్కడుందో తెలిసి చావలేదు. పక్కన చిన్న తలుపు కనబడుతోంది, ఎంత లాగినా రాదు. గోరు విరిగింది."

"దాని మీట డ్రైవరు సీటు కింద ఉంటుందండి" అన్నాడు క్రాంతి నీరసంగా.

"నాకేం తెలుసు? ఇంతలో మీరొచ్చేశారు. ఇంక సీసాలు కొట్టు గదిలో పెట్టేశాను. నిన్న మీరు ఇంకో బండిలో వచ్చారు. ఈయన మళ్లీ ఎక్కారు. ఈసారి దాని తలుపు వేలితో నొక్కగానే తెరుచుకుంది. నా గోరు బాధ తీరింది. రెండు సీసాలూ అందులో పోసేశాను."

"మొన్నటి బండి పెట్రోలు నిన్నటి బండిలో పోశారా?"

"బండి ఏదైతే ఏంటి బాబూ, అల్లుడుగారు ఒకరే కదా."

క్రాంతి కుర్చీలో వెనక్కి వాలాడు. సెలెనా అనవసరంగా తాగిన పెట్రోలు, ఆర్కస్‌కి ఉత్తినే దొరికిన పెట్రోలు ఇంచుమించు ఒకటే. అక్కడ తీసేసి ఇక్కడ కలిపాడు. సెలెనా పద్దెనిమిదికి కాస్త తక్కువ, ఆర్కస్ పద్దెనిమిది, కైరో పద్దెనిమిది.

"మూడూ ఒకటేరా" అన్నాడు నవాజ్‌తో.

"ఒకటే అంటే ఎలా? పదింటికి ఎవరికి కట్టాలి నేను?"

ధర దగ్గర దగ్గర, డిక్కీ దగ్గర దగ్గర, ఇప్పుడు మైలేజీ కూడా అంతే. మూడు రోజులు తిరిగి, వాటి మధ్య తేడా లేదని కనిపెట్టాడు. నవాజ్ ఫోన్ మోగింది. తెర మీద నిరంజన్ పేరు. నవాజ్ ఎత్తలేదు.

ఎత్తకుండానే ఏదో ఆలోచిస్తూ ఎలీయాజరు మాస్టారి వైపు తిరిగాడు.

"మాస్టారూ, మొన్న మూడు గంటలు పడుకున్నారు కదండి. నిన్న అరగంటకే ఎందుకు లేచారు? లిడియమ్మగారు లేపారా?"

"లేదండి. నాకే నిద్ర పట్టలేదు. ఆ సీటు వీపు మరీ నిటారుగా ఉందండి, బడి బెంచీలాగ. మెడ పట్టేసింది. మొన్నటి దాంట్లో అయితే," మాస్టారు కొంచెం సిగ్గుపడ్డారు, "కాలు చాపుకున్నది గుర్తుందండి, తర్వాత ఏదీ గుర్తులేదు. నా నడుము నొప్పికి ఇంట్లో మంచం మీద కూడా అంత నిద్ర రాదు."

"మొదటి రోజుది?"

"ఆ కైరోనా? అప్పుడు కరెంటు ఉంది. ఊరికే ఎక్కి చూశాను. ఎక్కడం కాదండి, దిగడమే. గుంతలోకి దిగినట్టుంది. పైకి రావడానికి ఈవిడ చెయ్యి పట్టుకోవాల్సొచ్చింది."

నవాజ్ లేచి నిలబడ్డాడు.

"క్రాంతీ, నా బండిలో ఎక్కేది ఎవర్రా?"

క్రాంతి వాళ్లను ఒక్కొక్కరినే తలుచుకున్నాడు. ఆపరేషను కుట్లతో వచ్చేవాళ్లు. డయాలిసిస్ చేయించుకుని తల వాల్చేసేవాళ్లు. నడుములు పట్టేసిన పెద్దవాళ్లు. లీటరుకి ఎంతో వాళ్లెవరూ అడగరు. విజయవాడ నుంచి ఏలూరు వచ్చేదాకా కాస్త కన్ను మూతపడితే చాలు. మళ్లీ నవాజ్‌నే పిలుస్తారు.

అన్ని బళ్లలోకీ ఎక్కువ తాగిందని తను పక్కన పెట్టిన సెలెనా, అంత తాగిందే ఒక ముసలాయన్ని హాయిగా నిద్రపుచ్చినందుకు.

"ఇదంతా నేను మూడు రోజుల్లో చూడలేదు" అన్నాడు క్రాంతి.

"నువ్వు ముందు సీట్లో ఉన్నావు కదరా" అన్నాడు నవాజ్.

బయల్దేరేసరికి వాకిట్లో లిడియమ్మ పాత బండి పక్కన వంగి ఉంది. చేతిలో కొత్త సీసా. పొద్దున్నే అంతదూరం వచ్చినవాళ్లు ఖాళీగా వెళ్లకూడదు కదా. ఈ బండి మూతకి తాళం లేదు, అప్పటికే తెరిచేసింది.

నవాజ్ వరండా మెట్లన్నీ ఒక్క అంగలో దూకాడు. "అమ్మగారూ, ఆగండి. ఇది డీజిలుదండి."

సీసా మూతి ట్యాంకుకి జానెడు దూరంలో ఆగింది. "అయ్యో, పెట్రోలు పోయకూడదాండి దీనికి?"

"పోస్తే నేను ఇక్కడే కాపురం పెట్టాలండి."

ఆవిడ నొచ్చుకుని సీసా లోపల పెట్టి, చేపల పులుసు క్యారేజీ తెచ్చి వెనక సీటు మీద పెట్టింది. అది ఒలకకుండా ఏలూరు దాకా క్రాంతి దాని పక్కనే కూర్చున్నాడు.

పది దాటాక సెలెనా షోరూము ముందు బండి ఆగింది. సేల్స్ చూసే ప్రీతి నవ్వుతూ ఎదురొచ్చి, ఇంజను గురించి, ఆరు ఎయిర్‌బ్యాగుల గురించి మొదలుపెట్టింది. నవాజ్ చెయ్యి ఎత్తి ఆపాడు.

"అవన్నీ తర్వాత చెబుదురుగానండి. డెమో బండి నీడలో పెట్టించి ఏసీ వేయండి. నేను వెనక సీట్లో పడుకుంటాను."

ప్రీతి క్రాంతి వైపు చూసింది.

"మైలేజీ చూడరా సార్?"

"చూసేశామండి. దానికి మా మామగారు సాక్షి" అన్నాడు క్రాంతి.

నవాజ్ చెప్పులు విప్పి లోపలికి ఎక్కాడు. తలుపు మూసుకుంది. క్రాంతి అద్దం బయట నిలబడి, అడ్వాన్సు కట్టే కౌంటరు వైపు ఒకసారి, బండి వైపు ఒకసారి చూశాడు. కాసేపటికి అద్దం మీద చెవి ఆనించాడు.

లోపల్నుంచి సన్నగా రంపం చప్పుడు వస్తోంది.