పంటు మీద తెల్లగీత

జమ్ములంకకూ అవతలి గట్టుకూ మధ్య కృష్ణ పాయ మీద పంటు నడిపే నాంచారయ్య, ముప్పై ఏళ్లుగా మనుషుల ముఖాలు చూడకుండానే వాళ్లను పలకరిస్తున్నాడు. రేవులోకి దిగిన మనిషి బల్ల మీద కాలు పెట్టగానే అతని చూపు నీటి అంచుకు పోతుంది. రెండు పడవలను జంటగా కట్టి పైన బల్లలు పరిచిన ఆ పంటు పక్కకు వెడల్పాటి కుంచెతో అతను గీసుకున్న తెల్లగీత ఒకటి ఉంది. నీరు ఆ గీతకు ఎంత దగ్గరగా వచ్చిందో చూసి, తల ఎత్తకుండానే అడుగుతాడు.

"ఏం సుబ్బాయమ్మా, నిన్న వియ్యపురాలింట్లో భోజనమా?"

"అవును. రొయ్యల ఇగురు పెట్టింది, కాదనలేకపోయాను," అంటుంది ఎండుచేపల గంప దించుకుంటూ సుబ్బాయమ్మ. "ఇంక ఆవిడ మనవడి అన్నప్రాసనకు వెళ్లక తప్పుతుందా?"

"ఒక వేలు దిగింది."

"ఆవిడ వేసిన ఉప్పు బరువులే అది."

ఆ పంటుకు మనుషుల బరువుతో పాటు వాళ్ల మొహమాటాల బరువు కూడా తెలుస్తుంది. నదికి ఆటుపోట్లు ఉన్నట్టే పంటుకు ఈ గుణం ఉందని లంకలో అందరూ ఎరుగుదురు. ఎవరూ దాన్ని వింతగా చెప్పుకోరు. బందరు నుంచి గాజుల మలారంతో వచ్చే ఖాసింబీ, ఎవరింట్లోనూ మంచినీళ్లకు మించి ముట్టదు గనుక, అంత మలారంతో ఎక్కినా గాలిపటంలా ఉంటుంది. కొత్త అల్లుళ్లు ఎక్కితే మాత్రం పంటు మూలుగుతుంది. ఒకసారి తనిఖీకి వచ్చిన ఇంజనీరు రెండు రోజులు కొలతలు తీసి, రేవులో బోర్డు పెట్టించాడు: ముప్పై మందికి మించరాదు, మొహమాటస్తులైతే ఇరవై. ఆ బోర్డు ఇప్పటికీ ఉంది, తుప్పు పట్టి.

తీసుకున్న వస్తువుకా ఈ బరువు, ఇచ్చిన చేతికా అని నాంచారయ్య చాలా కాలం ఆలోచించాడు. తేలలేదు. అయినా ఆ గీతను చదవడంలో తాను ఎన్నడూ పొరబడలేదన్న నమ్మకం మాత్రం అతనిలో, తనకు తెలియకుండానే, గట్టిపడిపోయింది.

ఆ నమ్మకానికి పునాది వేసినవాడు దయానందం. ఇరవై ఏళ్ల కిందట ఆయన సైకిలు మీద కాలవ గట్లన్నీ తిరిగి, శివారు భూములకు నీళ్లు రావాలని రైతు కూలీలను కూడగట్టిన మనిషి. ఆయన ఎక్కితే పంటు దిగకపోగా వెంట్రుకంత పైకి లేచేదని నాంచారయ్య ఒట్టు పెట్టి చెబుతాడు. ఆ తర్వాత దయానందం అసెంబ్లీకి నిలబడ్డాడు. గుడివాడలో చేపల మేత వ్యాపారమూ, దివిసీమ పొడుగునా రొయ్యల చెరువులూ ఉన్న నాగేంద్రబాబు ఆయనకు జీపులు పంపాడు, మైకులు పంపాడు, ఊరూరా భోజనాలు పెట్టించాడు. ప్రతిగా ఏమీ అడగలేదు. గెలిచాక దయానందం లంకకు వచ్చిన మొదటిసారి పంటు జానెడు దిగింది. రెండోసారి నీళ్లు బల్లల మీదికి వచ్చి, ఆడవాళ్లు చెప్పులు చేతిలో పట్టుకున్నారు.

"ఏం చేయమంటావు బావా? వాళ్లు లేకపోతే నేను గెలిచేవాడినా?" అన్నాడు ఆయన, దిగిపోతూ.

"నేనేమన్నానండీ? నీళ్లు అన్నాయి," అన్నాడు నాంచారయ్య.

ఆపైన ఆయన పంటు ఎక్కలేదు. ఓట్ల ముందు అవతలి గట్టు మీద నిలబడి, మైకులో, లంకకు వంతెన వేయిస్తానని చెప్పి వెళ్లేవాడు. వంతెన జనానికీ అవసరమే. కాకపోతే పంటు ఎక్కలేని ఆయనకే దాని అవసరం ముందుగా కలిగిందని కూడా జనానికి తెలుసు.

ఈ ఏడు పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. లంకలో రొయ్యల చెరువులు పెరిగి, మంచినీటి గుంటలో నీళ్లు ఉప్పెక్కిన మూడో ఏడు అది. చల్లపల్లిలో డిగ్రీ చదివి, లంక పిల్లలకు ట్యూషన్లు చెప్పే జ్యోతిర్మయి ఇంటింటికీ తిరిగి, ఆ నీళ్లను గ్లాసుల్లో పోసి పెద్దవాళ్ల చేత తాగించింది. గుంట చుట్టూ కొత్త చెరువులు తవ్వరాదని గ్రామసభలో చేతులెత్తించింది. ఇప్పుడు సర్పంచి పదవికి నామినేషన్ వేస్తానంటోంది. నాగేంద్రబాబు మాట వేరు. తాను చెప్పిన మనిషిని ఏకగ్రీవం చేస్తే రామాలయానికి రంగులు, చర్చికి గంట, రేవుకు సిమెంటు మెట్లు. ఊళ్లో చాలామంది తలలూపారు. నామినేషన్ల గడువు లోపల జ్యోతిర్మయి కాగితం పడకపోతే ఎన్నికే ఉండదు. గుంట చుట్టూ పొక్లెయిన్లు దిగుతాయి. ఆమెను ప్రతిపాదిస్తూ సంతకం పెడతానన్నది ఒక్క నాంచారయ్యే. ఆ సంతకం అధికారి ఎదుటే పెట్టాలని అవతలి గట్టున ఉన్న ఎన్నికల ఆఫీసులో చెప్పి పంపారు.

గడువుకు నాలుగు రోజుల ముందు పంటు ఇంజను పాడైంది. మర్నాడే నాగేంద్రబాబు అవతలి రేవులో టీ బడ్డీ దగ్గర కారు ఆపించి, నాంచారయ్య పక్కనే బల్ల మీద కూర్చున్నాడు.

"ఈ వయసులో మీరు గెడ వేసి పంటును తోస్తుంటే చూడలేకపోతున్నానండీ నాంచారయ్య గారూ. కొత్త ఇంజను పంపిస్తాను. మీకు కాదు, ఊరికి."

"ఎందుకండీ అంత శ్రమ..."

"శ్రమ ఏముందండీ. మీరు పెద్దవారు. ఊరంతా ఒక్క మాట మీద ఉన్నప్పుడు ఈ సంతకాలూ అవీ మీకెందుకు, చెప్పండి?"

నాంచారయ్య టీ గ్లాసులోకి చూశాడు. కృష్ణా జిల్లాలో పుట్టిన మనిషి ఎదుటివాడి ముఖం మీద కాదనడానికి ముందు నేర్చుకునే మాట ఒకటి ఉంది. అదే అన్నాడు.

"చూద్దాం లెండి."

గడువు రోజు పొద్దున్నే గుడివాడ నుంచి నితిన్ అనే మెకానిక్కు ఇంజను తెచ్చాడు. గంటలో అయిపోతుందన్నాడు, అందాకా పంటును కదపరాదన్నాడు. గంట గంటకూ అదే మాట అన్నాడు. వేట పడవలన్నీ తెల్లవారకముందే నది సముద్రంలో కలిసే మొగలోకి వెళ్లిపోయాయి. రేవులో చెట్టు నీడన కాగితాల సంచీతో జ్యోతిర్మయి, ఆమెకు తోడు వస్తామన్న పదిమంది ఆడవాళ్లూ కూర్చుని ఉండగానే మూడున్నర అయింది. ఐదింటికి ఆఫీసు తలుపులు మూస్తారు.

సుబ్బాయమ్మ నాంచారయ్య చెవిలో ఒక మాట వేసింది. "నిన్న ఈ పిల్ల గుడివాడలో, ఆ బాబు ఆఫీసు మెట్లు దిగుతుంటే మా చెల్లెలి కొడుకు చూశాడట."

ఆ మాట అతని గుండెలో ముల్లులా దిగింది. ఇంజను బిగించాక నితిన్ గట్టెక్కాడు. అందరూ పంటు ఎక్కారు. నాంచారయ్య తాడు విప్పి, తానూ ఎక్కి, అలవాటుగా గీత వంక చూశాడు. గీత లేదు. నీళ్లు దాన్ని మింగి, బల్లల అంచు నాకుతున్నాయి. ఇంజను ఇనుము ఎంత దించుతుందో అతనికి తెలుసు. మహా అయితే రెండు వేళ్లు.

అతను జ్యోతిర్మయి వంక చూశాడు. ఈ పిల్ల పలకా బలపం పట్టుకుని ఇదే పంటు మీద బడికి వెళ్లేది. దయానందం విషయంలో కలిగిన దుఃఖం ఇన్నేళ్లకు మళ్లీ వచ్చింది.

"అమ్మాయ్, నిన్న గుడివాడలో ఏం తీసుకున్నావు?"

జ్యోతిర్మయి అతని వంకా నీళ్ల వంకా చూసింది. "పిలిస్తే వెళ్లాను మావయ్యా. ప్రచారానికి సాయం చేస్తానన్నాడు. వద్దని ఎదుటే చెబుదామనే వెళ్లాను. టీ ఇచ్చారు. అదీ తాగలేదు."

"మరి ఈ నీళ్లు?"

ఆమె చెప్పులు చేత పట్టుకుని బురదలోకి దిగింది. పంటు కదలలేదు. సుబ్బాయమ్మ దిగింది, మిగిలినవాళ్లు ఒకరి వెనక ఒకరు దిగారు. గీత పైకి రాలేదు.

"ఇంకెవరున్నారు నాంచారయ్యా?" అంది సుబ్బాయమ్మ గట్టు మీద నుంచి. "నువ్వూ, ఆ ఇంజనూ."

అతను దిగాడు. పంటు, ఊపిరి తీసుకున్నట్టు, లేచింది. ఇంజను దాని మీదే ఉంది. తెల్లగీత నీళ్లకు నాలుగు వేళ్లు పైన తళతళలాడుతోంది.

మోకాలి లోతు నీళ్లలో నిలబడి నాంచారయ్య దాన్ని చూశాడు. పరాయివాళ్ల బరువులన్నీ చదివిన కంటికి తన బరువును చదవాలన్న ఆలోచనే ఇన్నేళ్లలో రాలేదు. పంటు నడిపేవాడు కూడా పంటు మీదే ఉంటాడన్న సంగతిని మనిషి ఎంత సులువుగా మరిచిపోగలడు!

"ఇంజను ఊరికి అన్నాడు," అన్నాడు, ఎవరితోనో అన్నట్టు.

"ఊరికైతే మా బరువూ పెరగాలిగా?" అంది సుబ్బాయమ్మ. "నిన్నేమడిగాడు?"

"సంతకం జోలికి పోవద్దన్నాడు."

"నువ్వేమన్నావు?"

"చూద్దాం లెండి అన్నాను."

ఎవరూ నవ్వలేదు. ఆ మాట ఎన్నడూ అననివాళ్లు ఆ గట్టు మీద లేరు.

"అమ్మాయ్, ఆ ఫోను ఇటివ్వు," అన్నాడు నాంచారయ్య. ఆమె నంబరు కలిపి ఇచ్చింది. అవతల గొంతు పలకగానే అతను అలవాటుగా నడుము వంచాడు.

"బాబుగారూ, నాంచారయ్యనండీ. పంటు నాంచారయ్యను. మొన్న చూద్దాం లెండి అన్నాను కదండీ... చూశానండీ. సంతకం పెడుతున్నాను." కాసేపు విన్నాడు. "అలాగేనండీ. అదీ విప్పించేస్తున్నాను. ఉంటానండీ."

ఫోను తిరిగి ఇచ్చేసి, భయపడుతూ బల్ల మీద ఒక కాలు పెట్టాడు. తర్వాత రెండోది. పంటు దిగలేదు.

"బిగించడానికి పొద్దంతా పట్టింది. విప్పడానికి ఎంతసేపు పడుతుంది బాబూ?" అని అడిగింది సుబ్బాయమ్మ, నితిన్‌ను.

"పది నిమిషాలండీ," అని నిజం చెప్పేసి, నాలుక కరుచుకున్నాడు నితిన్.

ఇంజనును గట్టు మీద పట్టా కప్పి పెట్టారు. మూలన పెట్టిన గెడలు నాలుగూ తీశారు. నాంచారయ్య ఒకటి, జ్యోతిర్మయి ఒకటి, ఎండుచేపల గంప మోసి మోసి మెడలు గట్టిపడిన ఆడవాళ్లు మిగిలినవి. పోటు నీరు పక్కకు లాగుతుంటే సుబ్బాయమ్మ నదిని తిట్టింది, నాగేంద్రబాబును తిట్టింది, గెడ తిన్నగా వేయలేని పక్కామెను అందరికంటే ఎక్కువ తిట్టింది. రేవు తగిలేసరికి నాలుగూ నలభై. అక్కడి నుంచి ఆఫీసు దాకా పరుగో నడకో ఎవరికీ గుర్తు లేదు. అధికారి గడియారం చూసి, కాగితం ముందుకు జరిపాడు. నాంచారయ్య తన పేరులోని ఏ అక్షరమూ వదలకుండా, నెమ్మదిగా, సంతకం పెట్టాడు.

అలా జమ్ములంకలో ఏకగ్రీవం తప్పి, ఎన్నిక వచ్చింది. గెలుపు ఎవరిదో ఇంకా తేలవలసే ఉంది. కాని గుంట నీళ్లు తాగేవాళ్లను అడగకుండా గుంట సంగతి తేల్చే వీలు ఆ సాయంత్రం పోయింది.

వాళ్లు రేవుకు తిరిగి వచ్చేసరికి ఎండ వాలింది. గట్టు మీద కారు, కారు పక్కన దయానందం. ఏకగ్రీవానికి తెచ్చిన గులాబీల దండ వెనక సీటులో పడి ఉంది. ఆయన పంటు వంక చూస్తున్నాడు.

"ఇంత తేలిగ్గా ఎలా తేలుతోంది బావా?"

"దించింది నా బరువేనండీ. ఇన్నాళ్లూ చూసుకోలేదు."

"ఏం చేశావు?"

"ఒక ఫోను చేశాను."

దయానందం నవ్వబోయి ఆగాడు. తర్వాత, ఎవరూ రమ్మనకుండానే, చెప్పులు విడిచి రేవులోకి దిగి, బల్ల అంచున ఒక కాలు పెట్టాడు. పంటు ఒరిగింది. నీళ్లు తెల్లగీతను దాటి పైకి వచ్చాయి. ఆడవాళ్లు అటూ ఇటూ సర్దుకున్నారు. ఆయన కాలు తీయలేదు. రెండో కాలు నీళ్లలోనే ఉంచి, జేబులోంచి ఫోను తీసి, అందులో నాగేంద్రబాబు నంబరు వంక చూస్తూ నిలబడ్డాడు.

"పొద్దు పోతోంది నాంచారయ్యా. ఇంకా ఎంతసేపు?" అంది సుబ్బాయమ్మ.

"ఉండమ్మా," అన్నాడు నాంచారయ్య, గెడను బురదలో గుచ్చి పట్టుకుని. అతని చూపు గీత మీద ఉంది.