ముఖమే తాళం

పెనం మీద రొట్టె వేశానో లేదో, పెద్దపల్లి నుంచి మా అమ్మ శంకరవ్వ ఫోన్. "స్వరూపా, పండ్ల సెట్టు కట్టిస్తనన్నవు గదా బిడ్డా. డాక్టరు సోమారం రమ్మన్నడు. సచ్చేలోపట ఒక్క ముక్కన్న కొరకాలె" అని నవ్వింది. అడిగీ అడగనట్టు ఆగింది. "జీతం ఇయ్యాల్నే పడ్తదవ్వా, పంపుత" అన్నాను. నా జీతం గురించి నేను మాటివ్వడమేమిటి!

పెళ్లికి ముందు నుంచీ బెల్లంపల్లి మిషన్ బడిలో కంప్యూటర్ చెబుతున్నాను. మా ఆయన దేవదానం సంఘ పెద్ద. నా జీతంతో మందిరానికి మైకు సెట్టు వచ్చింది, ఫ్యాన్లు వచ్చాయి. పాస్టరుగారు ఆయన పేరు చదివితే అందరూ చప్పట్లు కొట్టారు, సిగ్గులేకుండా నేనూ కొట్టాను. ఈ నెల కుర్చీలిస్తానని మొన్న ఆదివారం అందరి ముందూ చెప్పొచ్చాడు. ఒకసారి పిన్ నంబరు మారిస్తే, "మొగుని మీద నమ్మకం లేదానే?" అని అత్తమ్మ ఎదుట నిలబెట్టి, ఫోనుకీ బ్యాంకు యాప్‌కీ నా ముఖాన్నే తాళంగా పెట్టించాడు. ఇక అడిగే పనే లేదు. గిన్నెలు తోముతున్నా, జ్వరంతో మూలుగుతున్నా ఫోను తెచ్చి మొహం ముందు పెడతాడు. "జర గిటు చూడు." చూస్తాను. తెరుచుకుంటుంది. చూడను అనొచ్చని ఇన్నాళ్లూ ఎందుకు తట్టలేదో, తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

ఇవాళ ఎనిమిదో తరగతికి గృహనిర్వాహకత్వం పాఠం. దేవుడు మన చేతికిచ్చిన దాన్ని జాగ్రత్తగా వాడుకోవడం గురించి ఇదివరకు బైబిలు పీరియడ్‌లో చెప్పేవారు. ఈ ఏడు దానికి ఫోన్లూ బ్యాంకులూ కలిపి నాకప్పగించారు. "పిన్ ఎవరైనా చూడొచ్చు. ముఖాన్ని మాత్రం ఎవరూ దొంగిలించలేరు" అని పుస్తకంలో ఉన్నదే చెప్పాను.

మహెక్ లేచింది. "దొంగతనం జేస్తరు మేడం. మా అమ్మీ బీడీలు జేసుకుంటుంటే మా అబ్బా ఫోను ముంగట పెడ్తడు. గంతే, తెరుసుకుంటది."

క్లాసంతా గొల్లుమంది. "మా ఇంట్ల గూడ గంతే మేడం!" అంది వెనక బెంచీ కోమల. నవ్వులు ఆగినా మహెక్ కూర్చోలేదు. "మరి అమ్మీ ఏం జెయ్యాలె మేడం?"

పుస్తకం మూసేశాను. "కండ్లు మూసుకోవాలె" అన్నాను. పిల్లలు మళ్లీ నవ్వారు. మహెక్ మాత్రం తలూపి కూర్చుంది. ఈ మాటే ఇంటికెళ్లి వాళ్లమ్మతో చెబుతుందని, ఆ తలూపడం చూసి భయమేసింది.

సాయంత్రం ఇంట్లో చెప్పులు విప్పుతుండగా జీతం పడిన మెసేజ్ మోగింది. దేవదానం నా సంచిలోంచి ఫోను తీశాడు.

"కుర్చీలాయన ఆగుతలేడు. జర గిటు చూడు."

"అవ్వ పండ్ల సెట్టుకు కావాలె."

"గీ వయసుల పండ్లెందుకే ఆమెకు?"

కళ్లు మూసుకున్నాను.

మొదట నవ్వాడు. "ప్రార్థన జేస్తున్నవా?" తర్వాత గడ్డం పట్టి పైకెత్తాడు. రెప్పలు ఇంకా బిగించాను. కొడతాడనుకున్నాను, కొట్టలేదు. "అవ్వా, ఇయ్యాల నీ కోడలు వంట జెయ్యదట, నువ్వే గింత బియ్యం పెట్టు" అని వాళ్లమ్మకు కేకేశాడు. వంటింట్లోంచి అత్తమ్మ శాపనార్థాలు మొదలయ్యాయి. నా ఎదురుగా ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడైంది.

"మూసుకో. ఎంతసేపు మూసుకుంటవో నేను గూడ జూస్త. రేపు బడికి వోవా?"

పోవాలి. ఆయన ఇక్కణ్నుంచి లేవడు, నేను ఎప్పుడో ఒకప్పుడు తెరవక తప్పదు. కానీ తెల్లారితే బడిలో మహెక్ ఉంటుంది. ఆ పిల్ల మొహంలోకి చూడాలంటే, ఇప్పుడు నేను కళ్లు తెరవకూడదు.